బస్తా అంటే ఎన్ని కిలోలు? సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఉమ్మడి పదకోశం నిర్వహించే విధానం

కళ్లంలో ఉన్న రాశి ఒకటే. రైతు లెక్కలో అది 32 బస్తాలు, కొనుగోలు కేంద్రం లెక్కలో 60 సంచులు. గోదావరి డెల్టాలో బస్తా అంటే 75 కిలోలు. ప్రభుత్వ కొనుగోలుకు వాడే గోనె సంచిలో నింపేది 40 కిలోలు. ఎటు లెక్క వేసినా 24 క్వింటాళ్లే వస్తుంది కనుక ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పశ్చిమ డెల్టాలో ధాన్యం కొనుగోళ్లు చూసే ఒక సంస్థకు మేము ప్రోగ్రాం రాసిన తొలి సార్వాలో (ఖరీఫ్ పంట కాలంలో), తెర మీద ‘బస్తాల సంఖ్య’ అని ఒక గడి మాత్రమే పెట్టాము. గుమాస్తా రైతు నోట విన్న 32 అంకెను అందులో నమోదు చేశారు, ప్రోగ్రాం దానిని 40తో గుణించి 12.8 క్వింటాళ్లని చూపింది. 2024-25 మద్దతు ధర ప్రకారం సాధారణ రకం క్వింటాలు 2,300 రూపాయలు కనుక, ఆ ఒక్క రసీదులోనే 25,760 రూపాయలు కనబడకుండా పోయాయి. కోడ్‌ను ఎంత వెతికినా తప్పు దొరకలేదు, ఎందుకంటే గుణకారం సరిగానే జరిగింది. ‘బస్తా’ అనే మాటకు ప్రోగ్రామర్ మనసులో ఒక అర్థం, గుమాస్తా మనసులో మరొక అర్థం ఉన్నాయని ఎక్కడా రాసి లేకపోవడమే అసలు లోపం.

అటువంటి మాటలను రాసి ఉంచే చోటే పదకోశం. దానిని తయారు చేయడం పెద్ద పని కాదు; రెండు వారాలు కూర్చుంటే ఎవరైనా చేయగలరు. ఆరు నెలల తరువాత కూడా దానిని ఎవరైనా నమ్మి తెరిచేలా ఉంచడమే కష్టం. ఐదుగురి నుంచి పదిహేనుమంది వరకు ఉన్న బృందాన్ని దృష్టిలో పెట్టుకొని, ధాన్యం కొనుగోలు ప్రాజెక్టునే ఉదాహరణగా తీసుకొని ఆ రెండు పనులనూ వరుసగా వివరిస్తాను.

మొదటి మెట్టు: మాటలను వినడం

పదాలు మూడు చోట్ల దొరుకుతాయి. మొదటిది నోటి మాట: కాటా దగ్గర, హమాలీల ముఠా దగ్గర, మిల్లు గుమాస్తా ఫోను సంభాషణలో. రెండవది కాగితం: రసీదులు, ట్రక్ షీట్లు, చిట్టా పుస్తకాలు, ప్రభుత్వ ఉత్తర్వులు. మూడవది అప్పటికే ఉన్న కోడ్: పట్టికల పేర్లు, గడుల పేర్లు, తెర మీది వాక్యాలు. చాలా బృందాలు మూడవదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే అది కుర్చీలోంచి లేవకుండా చేయగల పని. అలా తయారైన పదకోశంలో ప్రోగ్రామర్లకు ముందే తెలిసిన మాటలే మిగులుతాయి.

వినేటప్పుడు ‘తరుగు అంటే ఏమిటండీ’ అని నేరుగా అడగకండి. అడిగితే పాఠ్యపుస్తకంలోని జవాబు వస్తుంది. ‘నిన్న ఏ లోడు ఇబ్బంది పెట్టింది’ అని అడిగి, చెప్పినది చెప్పినట్టు రాసుకోండి. మా నోటు పుస్తకంలో మొదటి పేజీలో ఉన్న వాక్యం ఇది:

‘ఆయ్, పొద్దున్న లోడు తేమ పంతొమ్మిది వచ్చిందండి, మిల్లువారు తరుగేసేశారండి.’

ఈ ఒక్క వాక్యంలో మూడు పదాలు ఉన్నాయి, మూడింటికీ సందేహాలు ఉన్నాయి. లోడు అంటే ట్రాక్టరు లోడా, లారీ లోడా? ఒక లారీలో ముగ్గురు రైతుల ధాన్యం ఉంటే అది ఒక లోడా, మూడా? తేమ కళ్లంలో కొలిచినదా, మిల్లు గేటు దగ్గర కొలిచినదా? ఈ రెండు అంకెలూ ఒకటి కావడం అరుదు, కొనుగోలుకు 17 శాతం గరిష్ఠ పరిమితి ఉన్నప్పుడు ఏ కొలతను ప్రమాణంగా తీసుకున్నారన్నది రైతుకు చాలా పెద్ద విషయం. తరుగు అంటే బరువులో కోతా, ధరలో కోతా? తేమకు వేసిన తరుగు, మట్టికీ తాలుకూ వేసిన తరుగు ఒకే గడిలోకి వెళ్లాలా? పదాన్ని మాత్రమే రాసుకొని వాక్యాన్ని వదిలేసి ఉంటే ఈ ప్రశ్నలలో ఒక్కటి కూడా తట్టేది కాదు. అందువలన ప్రతి పదం పక్కన అది వినబడిన వాక్యం, ఏ పని చేసేవారు అన్నారు, ఏ తేదీన అన్నారు అనే మూడు వివరాలు తప్పనిసరిగా ఉండాలి. వ్యక్తి పేరు అవసరం లేదు. ‘కాటా గుమాస్తా’ అంటే చాలు.

రెండవ మెట్టు: వడపోత

విన్న ప్రతి మాటా పదకోశంలోకి రానక్కరలేదు. ఒక మాటను వేర్వేరు పనులు చేసే ఇద్దరిని విడివిడిగా అడగండి. జవాబులు వేరైతే చేర్చండి, ఒకటే అయితే వదిలేయండి. లాగిన్, పాస్‌వర్డ్, నివేదిక వంటివి ఈ పరీక్షలో నిలవవు. నలభై పదాలతో మొదలైన పదకోశం బతుకుతుంది. మూడు వందలతో మొదలైనదానిని ఎవరూ రెండవసారి తెరవగా నేను చూడలేదు.

మూడవ మెట్టు: ఆరోపం ఎలా ఉండాలి

పదకోశంలో ఒక పదానికి సంబంధించిన మొత్తం వివరాన్ని ఆరోపం అంటారు. మా బస్తా ఆరోపం నాలుగు సవరణల తరువాత ఇలా స్థిరపడింది:

పదం: బస్తా
సందర్భం: రైతుతో సంభాషణ, కళ్లం దగ్గర అంచనా
నిర్వచనం: 75 కిలోల ధాన్యానికి సమానమైన స్థానిక తూకపు లెక్క. ఇది సంచిని సూచించదు. ధాన్యం రాశిగా ఉన్నప్పుడు కూడా బస్తాలలోనే చెబుతారు.
ఉదాహరణ: ‘ఎకరానికి 32 బస్తాలు అయింది’ అంటే 24 క్వింటాళ్లు.
దీనితో పొరపడేవి: గోనె సంచి (40 కిలోలు, కొనుగోలు కేంద్రం)
కోడ్‌లో: నిల్వ చేయరాదు. నమోదు చేసిన వెంటనే కిలోలలోకి మార్చాలి.
తెర మీద: ‘బస్తాలు (75 కిలోలు)’
బాధ్యులు: కొనుగోలు విభాగం
స్థితి: ఆమోదితం
చివరి పరిశీలన: దాళ్వా (రబీ) కోతలకు ముందు

ఇందులో అన్నిటికంటే పనికివచ్చిన వరుస ‘దీనితో పొరపడేవి’ అన్నది. కొత్తగా చేరిన ప్రోగ్రామర్ నిర్వచనాన్ని చదివి తల ఊపి వెళ్లిపోతారు. ‘గోనె సంచితో పొరపడతారు’ అన్న వరుస దగ్గర మాత్రం ఆగుతారు. తరువాతి స్థానం ‘కోడ్‌లో’ అన్న వరుసది. బస్తాను డేటాబేస్‌లో అసలు నిల్వ చేయకూడదనీ, కిలోలే నిల్వ ఉండాలనీ అక్కడ నిర్ణయించిన తరువాత ఆ తప్పు మా దగ్గర మళ్లీ రాలేదు. మిగిలిన వరుసలను మీ అవసరం మేరకు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బాధ్యుల వరుసను మాత్రం ఎన్నడూ ఖాళీగా వదలకూడదు.

నాలుగవ మెట్టు: నిర్వచనం రాయడం

పరిభాషా నిర్మాణానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ఓ 704 ప్రమాణంలో ఒక పాత సూత్రం ఉంది: ముందుగా ఆ వస్తువు ఏ పెద్ద జాతికి చెందినదో చెప్పి, తరువాత ఆ జాతిలోని మిగతావాటి నుంచి దానిని వేరు చేసే లక్షణాన్ని చెప్పాలి. తర్కశాస్త్రం చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. ఉదాహరణకు ‘మిల్లు తేమ: మిల్లు గేటు దగ్గర, లారీ దించకముందు, తేమ యంత్రంతో తీసిన శాతపు కొలత’ అని రాస్తే, అది ఒక కొలత అని మొదట తెలుస్తుంది, కళ్లం తేమ నుంచి ఎలా వేరో తరువాత తెలుస్తుంది. ‘తేమ: ధాన్యంలోని తేమ శాతం’ అని రాస్తే తేమను తేమతోనే నిర్వచించినట్టు అవుతుంది.

రాసిన తరువాత చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఏదైనా వాడుక వాక్యంలో పదాన్ని తీసేసి, దాని స్థానంలో నిర్వచనాన్ని పెట్టి బిగ్గరగా చదవండి. వాక్యం పొడుగవుతుంది, కానీ అర్థం చెడకూడదు. చెడితే నిర్వచనంలో ఎక్కువో తక్కువో ఉన్నట్టే.

ఇంగ్లీషు నుంచి నిర్వచనాలను దించుకునే అలవాటు మన బృందాలలో బలంగా ఉంది కనుక ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంగ్లీషులో ‘రైస్’ అనే ఒకే మాట పొలంలోని వరికీ, మిల్లులోని బియ్యానికీ, కంచంలోని అన్నానికీ చెల్లుతుంది. మన వ్యవహారంలో వరి పంట, ధాన్యం కొనుగోలు చేసే సరకు, బియ్యం మిల్లు తిరిగి ఇచ్చే సరకు. కస్టమ్ మిల్లింగ్‌లో (ప్రభుత్వ ధాన్యాన్ని మిల్లు ఆడించి బియ్యంగా తిరిగి ఇచ్చే ఏర్పాటు) 100 క్వింటాళ్ల ధాన్యానికి మిల్లు 67 క్వింటాళ్ల పచ్చి బియ్యం అప్పగించాలి, ఉప్పుడు బియ్యమైతే 68 క్వింటాళ్లు. మా పట్టికలలో ఒకదానికి వేరే రాష్ట్రం నుంచి పనిచేసే సహోద్యోగి ‘రైస్ స్టాక్’ అని పేరు పెట్టారు, అందులో సగం వరుసలు ధాన్యం, సగం వరుసలు బియ్యం అని తెలిసేసరికి ఒక సీజను గడిచిపోయింది. ఆయనను తప్పుపట్టలేము. మన భాషలో నాలుగు వేర్వేరు మాటలు సిద్ధంగా ఉండగా, మేమే ఆయనకు ఒక్క మాట ఇచ్చాము.

ఐదవ మెట్టు: ఒకే మాటకు పలు అర్థాలు

పదకోశం పనిలో సగం ఇక్కడే ఉంది. ధాన్యం కొనుగోలులో అన్నిటికంటే తేలికగా కనిపించే మాట ‘రైతు’. మా తొలి డిజైనులో రైతుకు ఒక పట్టిక, ఒక పేరు, ఒక బ్యాంకు ఖాతా ఉండేవి. డెల్టాలో సాగు పెద్దఎత్తున కౌలు మీద నడుస్తుంది. భూమి పట్టాదారు పాసు పుస్తకంలో ఒకరి పేరు మీద ఉంటుంది, ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదు జాబితాలో) సాగు చేసినవారిగా మరొకరి పేరు నమోదై ఉండవచ్చు, డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది ఆ ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. రెవెన్యూ విభాగం దృష్టిలో రైతు మొదటివారు, వ్యవసాయ సహాయకుల దృష్టిలో రెండవవారు, చెల్లింపుల విభాగం దృష్టిలో ఖాతాదారు. మూడు విభాగాలూ ఒకే సమావేశంలో కూర్చొని ‘రైతు’ అంటూ గంటసేపు మాట్లాడుకొని, అంగీకారానికి వచ్చామని సంతోషంగా లేచి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది.

ఇటువంటి చోట ఒక్క అర్థాన్ని ఎంచుకొని మిగతావారి మీద రుద్దడం వృథా. ఎవరి పనిలో వారి అర్థమే సరైనది. డొమైన్ డ్రివెన్ డిజైన్ అనే సాఫ్ట్‌వేర్ రూపకల్పన పద్ధతిలో దీనికే బౌండెడ్ కాంటెక్స్ట్ అనే ఊహ ఉంది: ప్రతి పదానికీ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపల దానికి ఒకే అర్థం ఉంటుంది, హద్దు దాటినప్పుడు అనువాదం స్పష్టంగా జరగాలి. పొలం గట్టు లాంటిదే. గట్టు ఎక్కడుందో తెలిస్తే తగాదా రాదు. మేము చేసినది ఇది: భూమి హక్కు ఉన్నవారికి ‘పట్టాదారు’, పంట వేసినవారికి ‘సాగుదారు’, డబ్బు అందుకునేవారికి ‘చెల్లింపు గ్రహీత’ అని మూడు ఆరోపాలు రాసి, కోడ్‌లో మూడు వేర్వేరు పేర్లు పెట్టి, ఒకే మనిషి మూడు పాత్రలలోనూ ఉండవచ్చని విడిగా రాశాము. ‘సాగుదారు’ మేము పుట్టించిన మాట కాదు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం పేరులోనే ఉంది. ఆ చట్టం కింద ఇచ్చే పత్రం 11 నెలలకే చెల్లుతుంది కనుక, సాగుదారు అన్నది మనిషికి శాశ్వతంగా అంటిపెట్టుకునే గుణం కాదనీ, ఒక పంట కాలానికి, ఒక సర్వే నంబరుకు పరిమితమైన పాత్ర అనీ నిర్వచనంలోనే చేర్చవలసి వచ్చింది. ఆ ఒక్క వాక్యం మా డేటాబేస్ రూపాన్నే మార్చింది. ‘రైతు’ అనే మాటను కోడ్ నుంచి పూర్తిగా తొలగించి, తెర మీద పలకరింపులో మాత్రం ఉంచాము. ‘నమస్కారం చెల్లింపు గ్రహీత గారూ’ అని ఎవరినీ పలకరించలేము కదా.

‘శిస్తు’ కూడా ఇదే కోవలోది. కాగితాలలో అది ప్రభుత్వానికి కట్టే భూమి పన్ను. మా వైపు పల్లెలలో కౌలుదారు భూస్వామికి ఇచ్చేదానిని కూడా శిస్తు అనే అంటారు. రెండింటినీ విడదీసి రాయండి.

మాటలే కాదు, అంకెలు కూడా ఇలా మోసం చేస్తాయి. ‘2024-25’ అని ఒక నివేదిక శీర్షికలో ఉందనుకోండి. ఆర్థిక సంవత్సరమైతే అది 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు. ధాన్యం సేకరణకు వాడే ఖరీఫ్ మార్కెటింగ్ సీజను అయితే 2024 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు వరకు. వ్యవసాయ సంవత్సరమైతే 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు. 2025 ఏప్రిల్‌లో కోసి అమ్మిన దాళ్వా ధాన్యం మార్కెటింగ్ సీజను లెక్కలో 2024-25లోకి వస్తుంది, ఆర్థిక సంవత్సరం లెక్కలో 2025-26లోకి వెళుతుంది. సేకరణ విభాగం నివేదికకూ ఖాతాల విభాగం నివేదికకూ మొత్తాలు కలవకపోతే, దొంగలెక్కలని అనుమానించే ముందు పదకోశం తెరిచి చూడమని మావారికి చెప్పాము. ‘సంవత్సరం’ అనే విడి మాట మా పదకోశంలో ఇప్పుడు నిషిద్ధ పదం. దాని ముందు ఏ సంవత్సరమో చెప్పే విశేషణం తప్పక ఉండాలి. సార్వా, ఖరీఫ్ అనేవి ఒకటేనా అన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబు రాశాము: రైతుకు కనబడే తెరల మీద సార్వా, దాళ్వా, ప్రభుత్వానికి పంపే ఫైళ్లలో ఖరీఫ్, రబీ.

ఆరవ మెట్టు: ఒకే అర్థానికి పలు మాటలు

ఇది ముందటిదానికంటే తేలిక. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన వరి వంగడానికి అధికారిక సంకేతం ఎంటీయూ 7029, పేరు స్వర్ణ. రైతు నోట ఒకప్పుడు స్వర్ణ అనీ, ఒకప్పుడు ఉత్త 7029 అనీ వస్తుంది. ఎంటీయూ 1010ని కాటన్ దొర సన్నాలు అంటారు. బొండాలు అడిగితే ఎంటీయూ 3626 అని అర్థం చేసుకోవాలి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2009లో ప్రమాణంగా ప్రకటించిన స్కాస్ అనే పద్ధతి ఇటువంటి మాటలను మూడు వరసలుగా విడదీస్తుంది: ఎంపిక చేసిన పేరు, ప్రత్యామ్నాయ పేరు, దాచి ఉంచిన పేరు. మొదటిది తెర మీదా నివేదికలోనూ కనబడుతుంది, రెండవది చదివేవారికి చూపవచ్చు, మూడవది వెతుకులాటకు మాత్రమే పనిచేస్తుంది. అంటే జనం తరచుగా తప్పుగా రాసే రూపాలను అక్కడ పెట్టి, ఎవరు ఎలా రాసినా సరైన ఆరోపానికి చేర్చవచ్చు. మేము దీనికి నాలుగవ వరస ఒకటి చేర్చుకున్నాము: వాడకూడని పేరు, ఎందుకు వాడకూడదో ఒక వాక్యం. ఆ కారణం రాయకపోతే ఏడాది తిరిగేసరికి ఎవరో ఒకరు దానిని మళ్లీ తెస్తారు.

ఏడవ మెట్టు: లిపి, కోడ్ పేర్లు

తెలుగు పదకోశానికి ప్రత్యేకమైన చిక్కులు ఇక్కడ ఉన్నాయి, బయటివారు రాసే మార్గదర్శకాలలో వీటి ప్రస్తావన దొరకదు.

మొదటిది వర్ణక్రమం. కళ్లం, కళ్ళం, ధాన్యం, ధాన్యము, కమీషన్, కమిషను. ఏదో ఒకటి ఎంచుకొని మిగతావాటిని దాచిన పేర్లలో పెట్టండి. ఏది శుద్ధమన్న వాదనలోకి దిగకండి, సాయంత్రం అయిపోతుంది.

రెండవది కంటికి కనబడనిది. ‘ట్రాక్టర్‌లో’ అనే మాటలో ర పొల్లుకూ ల అక్షరానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య సంకేతం ఉంటేనే పొల్లు నిలుస్తుంది, లేకపోతే అది వత్తుగా మారుతుంది. ఒక్కొక్క కీబోర్డు దానిని ఒక్కొక్క రకంగా చేరుస్తుంది లేదా మానేస్తుంది. అలాగే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకు మాత్రం రెండు వేర్వేరు మాటలు. కనుక పదాలను పోల్చే ముందు ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో, అంటే సమానమైన రూపాలను ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతిలో, సాధారణీకరించి, అదృశ్య సంకేతాన్ని తొలగించి, ఆ తరువాతే పోల్చాలి. ఎన్ఎఫ్‌సీ ఒక్కటే సరిపోదు. అది ఐత్వాన్ని సరిచేస్తుంది గానీ అదృశ్య సంకేతాన్ని ముట్టుకోదు. ఈ రెండవ పనిని మరచిపోయి, ‘ట్రాక్టర్‌లో’ అని వెతికితే ఏమీ దొరకడం లేదన్న ఫిర్యాదు మీద మేము ఒక పూట తగలేశాము. తొలగించేది పోలిక కోసమే సుమా. నిల్వ చేసిన మాటలోంచి తీసేస్తే తెర మీద వత్తులు తారుమారవుతాయి.

మూడవది కోడ్‌లోని పేర్లు. తెలుగు మాటను రోమన్ అక్షరాలలో రాసేటప్పుడు ‘కౌలు’ను ఒకరు కే అక్షరంతో, ఒకరు సీ అక్షరంతో మొదలుపెడతారు, ‘బస్తా’ చివర ఒకరు హెచ్ చేరుస్తారు, మరొకరు మానేస్తారు. ఇంగ్లీషు అనువాదం వాడాలా, తెలుగు మాటనే రోమన్‌లో రాయాలా అన్నదానిపై నా అభిప్రాయం ఇది: కచ్చితమైన ఇంగ్లీషు మాట ఉంటే అది వాడండి, లేకపోతే బలవంతంగా పుట్టించకుండా తెలుగు మాటనే ఉంచండి. తరుగుకు ‘డిడక్షన్’ అంటే ప్రతి కోతా అందులోకి వచ్చి చేరుతుంది. తరుగు తరుగుగానే ఉండాలి. ఏది ఎంచుకున్నా కోడ్ పేరును ఒక్కొక్క అక్షరం సహా ఆరోపంలో రాయడం ముఖ్యం.

ఎనిమిదవ మెట్టు: ఎక్కడ ఉంచాలి

కోడ్ ఉన్న చోటే, అదే గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) భాండారంలో, మామూలు పాఠ్య ఫైళ్లుగా ఉంచండి. పదానికి ఒక ఫైలు చొప్పున ఉంటే ఇద్దరు ఒకేసారి సవరించినా ఘర్షణ రాదు. కోడ్ మార్పు, పదం మార్పు ఒకే మార్పు అభ్యర్థనలో (పుల్ రిక్వెస్టులో) వెళితే సమీక్షించేవారికి రెండూ పక్కపక్కనే కనబడతాయి. విడిగా స్ప్రెడ్‌షీటులో ఉంచిన పదకోశం కోడ్‌కు ఎప్పుడూ ఒక సీజను వెనకే నడుస్తుంది.

అయితే గుమాస్తాలు గిట్ తెరవరు. వారికోసం ఆ ఫైళ్ల నుంచే ఒక వెబ్ పేజీ, ఒక అచ్చు కాగితం తయారయ్యేలా చేయండి. అచ్చు కాగితం అంటే ప్రోగ్రామర్లు నవ్వుతారు గానీ, కాటా పక్కన గోడకు అంటించిన ఆ రెండు పేజీలకే మాకు ఎక్కువ సవరణలు వచ్చాయి. పెన్సిలుతో కొట్టేసి పక్కన రాసేవారు. నెలకొకసారి ఫోటో తీసి తెచ్చుకునేవాళ్లము.

తొమ్మిదవ మెట్టు: మార్పులు

ప్రతి ఆరోపానికీ మూడు స్థితులు చాలు: ప్రతిపాదితం, ఆమోదితం, విరమితం. ఎవరైనా ప్రతిపాదించవచ్చు, ఆ పదానికి బాధ్యులైన విభాగం నుంచి ఒకరు, కోడ్ రాసేవారిలో ఒకరు ఒప్పుకుంటే ఆమోదితం. సంఘం వేసి ఓట్లు పెట్టకండి. వారం రోజులలో ఎవరూ స్పందించకపోతే ప్రతిపాదన అమలులోకి వస్తుందని నియమం పెట్టుకుంటే పనులు ఆగవు.

పదాన్ని ఎన్నడూ చెరిపివేయకూడదు, విరమించాలి. పాత రికార్డులను చదవడానికి పాత అర్థం కావాలి. దీనికి మన జిల్లాల కంటే మంచి ఉదాహరణ లేదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు, తరువాత భీమవరం. తూర్పు గోదావరి కేంద్రం అంతకుముందు కాకినాడ, తరువాత రాజమహేంద్రవరం. పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరు, నిడదవోలు నది దాటకుండానే తూర్పు గోదావరిలోకి వెళ్లాయి. కాబట్టి ‘తూర్పు గోదావరి’ అనే మాటకు తేదీ లేకుండా అర్థం లేదు. ఆరోపంలో ‘ఎప్పటి నుంచి’, ‘ఎప్పటి వరకు’ అన్న రెండు వరుసలు చేర్చి, ఒకే పేరుకు రెండు ఆరోపాలు రాయాలి. రైతు భరోసా కేంద్రం 2024లో రైతు సేవా కేంద్రం అయినప్పుడు మాత్రం చేయవలసినది వేరు: అక్కడ వస్తువు అదే, పేరు మారింది, కనుక ఆరోపం ఒక్కటే ఉంటుంది, పాత పేరు ప్రత్యామ్నాయ వరసలోకి వెళుతుంది. పేరు మారిందా, అర్థం మారిందా అన్న ప్రశ్నను ప్రతి మార్పుకూ ముందుగా వేసుకోండి. తరువాతి పని దాని మీదే ఆధారపడుతుంది.

పదవ మెట్టు: యంత్రంతో కాపలా

మనుషుల శ్రద్ధ మీద మాత్రమే ఆధారపడిన నియమం రెండు నెలలు ఉంటుంది. కోడ్ చేర్చే ప్రతిసారీ నడిచే చిన్న పరీక్ష ఒకటి రాయండి. అది మూడు పనులు చేస్తే చాలు: తెర మీది వాక్యాల ఫైళ్లలో వాడకూడని పేర్లు ఉన్నాయేమో వెతకాలి, పదకోశంలో రాసిన కోడ్ పేర్లు కోడ్‌లో నిజంగా ఉన్నాయో లేదో చూడాలి, బాధ్యులు లేని ఆరోపాలను పట్టుకోవాలి. తెలుగు వాక్యాలలో వెతికేటప్పుడు విభక్తులు అడ్డుపడతాయి. ‘సంవత్సరం’ అన్న రూపాన్ని మాత్రమే వెతికితే ‘సంవత్సరానికి’, ‘సంవత్సరపు’ తప్పించుకుంటాయి. అందుకని మాట మొదటి భాగాన్ని, అంటే ‘సంవత్సర’ వరకు, వెతకండి. దానివలన అప్పుడప్పుడు అనవసరపు హెచ్చరికలు వస్తాయి, కనుక మొదటి కొన్ని వారాలు పరీక్షను హెచ్చరికగానే ఉంచి, జాబితా కుదుటపడిన తరువాత అడ్డుకునేలా మార్చండి.

పదకొండవ మెట్టు: పూడిక తీయడం

వేసవిలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడానికీ, తూములు, లాకులు బాగుచేయడానికీ అదే సమయం. పదకోశానికీ ఆ సమయమే అనువైనది. సీజను నడుస్తుండగా ఎవరికీ తీరిక ఉండదు. కాలువలకు మళ్లీ నీరు వదిలేలోగా ప్రతి విభాగం తన బాధ్యతలోని ఆరోపాలను ఒకసారి చదివి, చివరి పరిశీలన వరుసను నవీకరించాలి. మద్దతు ధర, తేమ పరిమితి వంటి అంకెలు నిర్వచనాలలో చొరబడి ఉంటే తీసేసి వాటిని సెట్టింగులలోకి పంపండి. ధర ఏటా మారుతుంది, ‘మద్దతు ధర’ అనే మాట అర్థం మారదు. ఏడాదంతా ఎవరూ తెరవని ఆరోపం ఏదైనా కనబడితే, అది అందరికీ తెలిసినదా, లేక ఎవరికీ పట్టనిదా అని అడిగి చూడండి.

కొత్త రంగం చేరినప్పుడు

మా ప్రాజెక్టు రెండవ ఏడాదిలో రొయ్యల చెరువుల వైపు విస్తరించింది. పాత పదకోశంలోనే కొత్త మాటలను కలిపేయాలని మొదట అనుకున్నాము, అదృష్టవశాత్తు మొదటి రోజే ‘కౌంట్’ అడ్డం వచ్చింది. ధాన్యం వైపు కౌంట్ అంటే సంచుల సంఖ్య. రొయ్యల వైపు కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య: 100 కౌంట్ అంటే ఒక్కొక్కటి పది గ్రాములు, 40 కౌంట్ అంటే పాతిక గ్రాములు. అంకె తగ్గినకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. నివేదికలో ఎక్కువ అంకెను ఆకుపచ్చ రంగులో, తక్కువ అంకెను ఎరుపులో చూపే మా పాత పద్ధతిని అలాగే వదిలి ఉంటే, చెరువు బాగా ఎదిగిన ప్రతిసారీ ఎరుపు వెలిగేది. ‘కౌంట్ పెరిగింది’ అన్న మాటను ఒకరు మంచి వార్తగా, ఒకరు చెడ్డ వార్తగా తీసుకోవడం పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజున మేము కళ్లారా చూశాము.

అందువలన రొయ్యలకు వేరే సంచయం తెరిచి, వేరే బాధ్యులను పెట్టి, రెండింటికీ నిజంగా ఉమ్మడిగా ఉన్న మాటలను మాత్రమే మూడవ చోట ఉంచాము. ఆ ఉమ్మడి జాబితాలో ఇప్పటికి పదకొండు మాటలు ఉన్నాయి: కిలో, క్వింటాలు, ఎకరం, సెంటు, జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, చెల్లింపు గ్రహీత, లారీ, రసీదు. ‘లోడు’ను కూడా అందులో చేర్చాలని ప్రతిపాదన వచ్చింది. చెరువు దగ్గర లోడు అంటే మేత లోడు అనే అర్థం కూడా ఉందని కాటా పక్కన అంటించిన కాగితం మీద ఎవరో పెన్సిలుతో రాశారు, కనుక అది ఇంకా ప్రతిపాదిత స్థితిలోనే ఉంది.